వినపడని మనిషిని ఫోన్‌లో మాట్లాడమన్నారు

బజారంతా అద్దాలాయన అని పిలిచే నేను, కళ్ళజోళ్ళ షాపు యజమానిని, ఒంట్లో ఓపిక సన్నగిల్లినా బుద్ధి చెక్కుచెదరకుండా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత నా బావమరిదిది. షాపును మా అబ్బాయికిస్తూ లోగడ రాసిన వీలునామా రద్దు. ఎందుకు రద్దయిందో వాడికి తెలియాలి.

1. కిందటేడు నా భార్య చెవి మిషన్ పాడైంది. అబ్బాయిని వెంటబెట్టుకుని, అమ్మిన కంపెనీకే వెళ్ళాం. కింద కౌంటరువాళ్ళు పైకి పొమ్మన్నారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మెట్లెక్కింది. పైనవాళ్ళు, ఫిర్యాదులు ఫోన్‌లోనే తీసుకుంటామన్నారు. అక్కడే నిలబడి చేశాను.

"మిషన్ మేడమ్ పేరు మీదుంది సార్. ఆవిడే లైన్లోకి రావాలి" అంది అవతలి అమ్మాయి.

వినపడకే కదమ్మా ఈ తిప్పలు, అన్నాను. రూలంది. ఇచ్చాను. నా భార్య ఫోన్ చెవికి పెట్టుకుని, నా ముఖంలోకి చూస్తూ "ఏమంటున్నారండీ?" అని అడిగింది. లైన్ కట్టయింది. ఛీ!

కాళ్ళరిగేలా తిరిగాం. ఆ మధ్యలోనే మా అమ్మాయికి బిడ్డ పుట్టింది. ఒళ్ళో పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆవలిస్తోందనుకుని మురిసిపోయింది ఆవిడ. మనవరాలి గొంతు వినకుండానే పోయింది. ఆవిడ పోయాక మిషన్ బాగై వచ్చింది. తెచ్చినవాడు ఆవిడే సంతకం పెట్టాలన్నాడు.

2. ఇదంతా కళ్ళారా చూసిన మా అబ్బాయి, నేను మంచాన పడగానే మన షాపులోనూ అదే తంతు మొదలుపెట్టాడు. టోకెనట, ఫోన్ నంబరట! లేచి తిరగగలిగాక వెళ్ళి చూశాను. జోడు విరిగి, ఎదుటి మనిషే కళ్ళకు ఆనక వచ్చిన ముసలావిడ చేతిలో ఫారం పెట్టి, చదివి సంతకం చెయ్యమంటున్నాడు. ఇదేమిట్రా అంటే, "సిస్టమ్ ఉండాలి నాన్నా" అన్నాడు. తూ, నీ సిస్టమ్! మీ అమ్మ ముఖం గుర్తుకు రాలేదుట్రా?

వాడికి షాపులో చిల్లిగవ్వంత హక్కు లేదు. నేనుంటున్న ఇల్లు మాత్రం వాడికే దఖలు. కన్నకొడుకును వీధిన పడేసేంత కసాయిని కాను.

3. షాపు, సరుకుతో సహా, సర్వహక్కులతో మా అమ్మాయికి చెందవలసినది. షరతులు ఇవి. స్క్రూ బిగించడానికి ఊరూ పేరూ అడగకు. కళ్ళు ఆననివాళ్ళకు కాగితమివ్వకు, నువ్వే చదివి వినిపించు. పొరపాటు మనదైతే వాళ్ళను తిప్పకు, నువ్వే వాళ్ళింటికి వెళ్ళు. ఫోన్ మోగితే మనిషే ఎత్తాలి. విసుక్కోకుండా ఎత్తాలి.

4. ఆ చెవి మిషన్ నా బావమరిదికి. అక్కలాగే అతనికీ వినికిడి తగ్గుతోంది, ఒప్పుకోడు గానీ. బావమరిదీ, నీ చెవికి తగ్గట్టు సరిచేయించుకో. ఆ కంపెనీ గుమ్మం మాత్రం తొక్కకు.

5. నేను పోయిన రోజు షాపు మూస్తారు, సరే. ఆ రోజు ఇస్తామన్న జోళ్ళేమైనా ఉంటే ముందు వాళ్ళ వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఇచ్చి రండి. తర్వాతే నన్ను ఎత్తండి. నాకేం తొందర లేదు.

మార్చి 12, గురువారం, షాపు వెనక గదిలో, నా చేత్తో రాసి చేసిన సంతకం:
(అద్దాలాయన)

ఆయన సంతకం చేస్తుండగా చూసిన సాక్షులు:
పక్క షాపు టైలరు
ఎదుటి మందుల షాపావిడ