నిదానం గేర్లు

యాదక్కా,

ఈ పరాయి దేశంల బావా నేనూ ఒకటే రూమ్‌ల ఉంటం. ఫోన్ల చెప్తే ఇంటడని, ఊరికొస్తున్న గంగన్న చేతికి ఈ కాయితమిస్తున్న.

ఇగనుంచి బావ ఫోన్ లేటుగ వస్తది, కొట్లాడకు. ఆయన నడిపే పాత పికప్ నేను మెకానిక్ పనిచేసే ఘాలా షెడ్డుకొచ్చింది. ఆడ పిల్లలు పండుకోకముందే రూమ్‌కొచ్చి ఫోన్ చెయ్యాలె, వెనక ఇరుసుకు జోరుగ ఉరికే గేర్లెయ్యమన్నడు. నేను నిదానం గేర్లేసిన. ఆటోమేటిక్ తీసి, చేత్తోని మార్చే గేర్‌బాక్స్ పెట్టిన. రాళ్ల లోడుతోని గుట్ట దిగంగ బండిని గేరే పట్టుకోవాలె. ఒక్క బ్రేకునే నమ్ముకుంటే కాలిపోతది.

పోయిన నెల అట్లనే కాలి, బండి పోయి గుట్టకు గుద్దుకుంది. బావ చేతికున్న కట్టు, ఆయన నీకు చెప్పినట్టు చాయ ఒలికి కట్టింది కాదక్కా.

నేను చెప్పిన్నని అనకు. ఎంత లేటయినా ఫోన్ ఎత్తు.

నీ తమ్ముడు