విమలక్కకు తోడుగా వెళ్లిన క్యాంపు

గురువారం, రాత్రి

నారాయణగూడ కమ్యూనిటీ హాల్లో ఇవాళ రొమ్ము క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. పక్కింటి విమలక్క భయపడుతుంటే తోడు వెళ్లాను. "నువ్వు గూడ చూపిచ్చుకోరాదు, ఫ్రీయే గద" అంది. "నాకేమైంది, మంచిగనే ఉన్న" అని, ఆమె హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని బయటే కూర్చున్నాను.

ఎడమ రొమ్ములో గడ్డ ఉన్న సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. చెబితే టెస్టు అంటారు. క్యాంపు ఉచితమే కానీ, రిపోర్టు మీద పేరూ తేదీ వేస్తారు. పోయిన ఏడు మా పెద్దోడు శ్రీకాంత్ నా పేరున హెల్త్ ఇన్సూరెన్సు తీసుకున్నప్పుడు, ఏజెంటు మా సోఫాలో కూర్చుని చాయ్ తాగుతూ చెప్పాడు కదా: "మూడేండ్లు నిండకముందు ఏదన్న బయటపడితే, పాత రోగమని కంపెనీ పైసలియ్యదమ్మా. అప్పటిదాంక జర మంచిగుండాలె." అందరం నవ్వాం.

పాలసీ లేనన్నాళ్లూ ఖర్చుకు భయపడి టెస్టుకు పోలేదు. ఇప్పుడు పాలసీ ఉందని పోవడం లేదు. ఇదేం తెలివో!

విమలక్క నవ్వుకుంటూ బయటికొచ్చింది. "ఏం లేదంట!" చిక్కడపల్లిలో ఆటో ఆపించి మరీ జిలేబీ కొని నా నోట్లో పెట్టింది. తిన్నాను.

సాయంత్రం శ్రీకాంత్ ఈ ఏటి ప్రీమియం కట్టేసి వచ్చాడు. "ఇగ నీకేం ఫికర్ లేదమ్మా" అన్నాడు. "లేదు బిడ్డా" అన్నాను.

ఇంకా రెండేళ్లు ఆగాలి. మొదట్లో వేళ్లతో వెతికితే గానీ దొరికేది కాదు. ఇప్పుడు కొంగు సర్దుకుంటున్నా చేతికి తగులుతోంది.