కోచ్ చివరి మ్యాచ్, నీ సీటు

సుజాతా,

మన పక్కింటి కోచ్ ఈరోజు రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు కాలేజీ బేస్‌బాల్ జట్టును నడిపిన మనిషికి ఈ సీజనంతా ఒకటే పిచ్చి. నువ్వు పోయాక నీ సీటు ఖాళీగా ఉంటోంది కాబట్టే ఓడిపోతున్నారట.

"చివరి మ్యాచ్, రావ్! నీ సీట్లో కాదు, ఆవిడ సీట్లో కూర్చో" అని వారం రోజులు ప్రాణం తీశాడు. విసుగొచ్చి వెళ్లాను.

గెలిచారు. పక్కవాళ్లు అరిస్తే తెలిసింది. నీ సీటు ముందు ఇనుప స్తంభం. బంతి విసిరేవాడూ కనబడడు, కొట్టేవాడూ కనబడడు.

"చెప్పానా?" అంటూ కోచ్ నా వీపు చరిచాడు.

బాగా కనబడే సీటు నాకిచ్చి, పన్నెండేళ్లు ఆ స్తంభం వెనక కూర్చుని చప్పట్లు కొట్టావు. ఒక్కసారి చెప్పి ఉంటే, మార్చి మార్చి కూర్చునేవాళ్లం కదా!