రాజేశం బల్ల గురించి నేను రాసిన వ్యాసం

రాజేశం,

నీకు ఉత్తరం రాసినప్పుడల్లా 'చిరంజీవి' అని మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే వట్టి పేరుతోనే పలకరిస్తున్నాను. ధర్మపురి దగ్గర గోదావరిలో నీ అస్థికలు కలిపి నిన్నటికి పదకొండు నెలలు నిండాయి.

మీ అక్క బాగానే ఉంది. ఖానాపూర్‌లో నీ కొలిమి కూడా ఆరిపోలేదు. సుగుణ ఇద్దరు పనివాళ్లను పెట్టుకొని నడిపిస్తోంది. నీ భార్య అంత గట్టిగా నిలబడుతుందని నేను అనుకోలేదు. నువ్వు అనుకున్నావా?

క్షేమ సమాచారాల కోసం ఈ లేఖ రాయడం లేదు, రాజేశం. నీకు చెప్పవలసిన మాట ఒకటి చెప్పకుండానే నిన్ను సాగనంపాను.

నీ పేటెంటు దరఖాస్తును తిరస్కరించారు. ఉత్తర్వు పోయిన వారం నా చిరునామాకు వచ్చింది. అందుకు కారణం నేను. ముప్పై నాలుగేళ్లు వ్యాకరణం చెప్పినవాణ్ణి. కర్తను మరుగుపరిచి వాక్యం ముగించలేను.

ఆ ఏడు పసుపు తవ్వినప్పుడు సుగుణ వేళ్లు ఎలా పగిలాయో నీకు గుర్తుందా? తల్లి దుంప నుంచి కొమ్ములు విరిచీ విరిచీ రెండు గోళ్లు ఊడిపోయాయి. నువ్వు పది రోజులు కొలిమి దగ్గరి నుంచి కదల్లేదు. పాత టైర్లు కోసి రబ్బరు పళ్ల చక్రం చేశావు. కాలితో తొక్కితే తిరిగేలా దాన్ని ఒక బల్లకు బిగించావు. దుంపను ఆనిస్తే చాలు... కొమ్ములు ముక్కలు కాకుండా ఊడి జల్లెడ మీద రాలేవి. కూలికి వచ్చిన ఆడవాళ్లే దానికి 'రాజేశం బల్ల' అని పేరు పెట్టారు.

ఎవరు వచ్చి అడిగినా కొలతలు ఇచ్చేవాడివి. సుతిలి తాడు తెచ్చుకున్నవాడికి రెండో కొస నువ్వే పట్టుకొనేవాడివి. నేను మందలిస్తే నవ్వావు. "కొలత అడిగినోనికి లేదంటే కొలిమి ఆరిపోతది బావా. మా బాపు గట్లనే నేర్పిండు. నువ్వేమన్న పిల్లలకు సగం అక్షరాలు దాచుకొని చెప్పినవా?" అన్నావు.

అప్పుడే కరీంనగర్ మాసపత్రికకు ఆ బల్ల గురించి వ్యాసం రాశాను. ఎవరూ అడగలేదు; నాకే రాయాలనిపించింది. పన్నుకూ పన్నుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో, చక్రం ఎంత వాలు ఉండాలో, రబ్బరు ఎంత మందం ఉండాలో అన్నీ రాశాను. బొమ్మ గీసి భాగాలకు అంకెలు వేశాను. ఒక్క అస్పష్టమైన వాక్యం లేకుండా నాలుగుసార్లు తిరగరాశాను. నా జన్మలో అంత స్వచ్ఛమైన వచనం రాయలేదని ఇప్పటికీ నా నమ్మకం.

చదివించుకొని నువ్వేమన్నావు? "అబ్బ! ఏం రాసినవ్ బావా... గీ కాయితం చేతుల వట్టుకుంటే నన్ను అడిగే పనే లేదు, ఏ ఊరి కమ్మరోడైనా చేసుకుంటడు." ఆ మాటకు నేనెంత పొంగిపోయానో!

చట్టం కూడా సరిగ్గా ఆ మాటే అన్నది, రాజేశం.

వ్యాసం వచ్చిన రెండు నెలలకు, మేధో సంపత్తి హక్కుల మీద ప్రభుత్వం పెట్టిన అవగాహన సదస్సుకు మనిద్దరం కరీంనగర్ వెళ్లాం. భోజనాల వేళకు నువ్వు కునుకు తీశావు. నేను మొదటి వరుసలో కూర్చొని ప్రతి మాటా రాసుకున్నాను. కొత్త వస్తువు రహస్యాన్ని దేశానికి వెల్లడిస్తే, బదులుగా ప్రభుత్వం ఇరవై ఏళ్లు దాని మీద హక్కు ఇస్తుందన్నారు. చిన్నవాళ్లకు రుసుము తక్కువన్నారు. ఉచితంగా సాయం చేయడానికి న్యాయవాదిని చూపిస్తామన్నారు. ముందు దరఖాస్తు, తర్వాతే ప్రచారం అని కూడా అన్నారు. అదీ రాసుకున్నాను... కింద గీత గీసి మరీ.

అయినా వ్యాసం అప్పటికే అచ్చయిందని ఎవరితోనూ అనలేదు. ఇలాంటి నియమాలు పెద్ద కంపెనీల కోసం కదా అనుకున్నాను. ఒక జిల్లా మాసపత్రికలో వచ్చిన తెలుగు వ్యాసాన్ని పేటెంటు కార్యాలయంలో ఎవరు చదువుతారులే అనుకున్నాను. తెలుగును నేనే అంత తక్కువ చేశానా?

ఆ తర్వాత దరఖాస్తు రాయడానికి ఎనిమిది నెలలు తీసుకున్నాను. "మిషిన్ నేను పది రోజుల్ల చేసిన. నువ్వు కాయితం ఇంకా కాగవెడుతనే ఉన్నవ్. జర మంట పెంచు బావా!" అని నువ్వు వెక్కిరించేవాడివి.

దరఖాస్తు మీద పరిశీలన నివేదిక వచ్చేనాటికి నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. నీ ఊపిరితిత్తులు ఇక కోలుకోవని డాక్టరు మీ అక్కకు చెప్పిన వారమే అది. బయట బెంచీ మీద కూర్చొని చదివాను. ఈ యంత్రంలో కొత్తదనం లేదు, ఇదివరకే వెల్లడైంది అని రాశారు. ఆధారంగా చూపింది ఒకే ఒక్క పత్రం... నా వ్యాసం. పత్రికవాళ్లు పాత సంచికలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టారట.

నేను లోపలికి వచ్చాక "ఏమన్నరు బావా?" అన్నావు. సమాధానం రాస్తున్నాను, వచ్చేస్తుంది అన్నాను. నువ్వు నా చెయ్యి నొక్కి, "నువ్వున్నవు గద, నాకేం ఫికర్" అన్నావు.

నివేదికను మడిచి జేబులో పెట్టుకున్నాను.

నువ్వు పోయాక న్యాయవాది ఒక దారి చూపించాడు. యంత్రం చేసినవాడి అనుమతి లేకుండా వేరొకరు అచ్చువేస్తే, ఆ ప్రచురణను లెక్కలోకి తీసుకోకపోవచ్చట. నీకు తెలియకుండా నేనే నీ కొలతలు దొంగిలించి అచ్చువేశానని ప్రమాణపత్రం ఇవ్వగలనా అని అడిగాడు. ఇస్తానన్నాను. నమ్ము, రాజేశం... ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దొంగనని నా దస్తూరీతో రాసుకోవడానికి సిద్ధపడ్డాను.

అతను పత్రిక తిరగేసి, ఇది చూస్తే నీ అనుమతి లేదంటే ఎవరూ నమ్మరంటూ నా ముందు పెట్టాడు. వ్యాసం పక్కన నీ ఫోటో ఉంది. ఉతికిన తెల్లచొక్కా వేసుకొని, బల్ల మీద చెయ్యేసి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నావు. ఆ చొక్కా వేసుకొమ్మని పట్టుబట్టింది కూడా నేనే.

విచారణ కంప్యూటరులోనే జరిగింది. పేటెంటు అధికారి నా మాటలు ఓపికగా విన్నాడు. చివర్లో ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అని మర్యాదగా అడిగాడు. అతని మీద కోపం తెచ్చుకుందామంటే వీలు కాలేదు. మనం ముందే ఊరందరికీ పంచిపెట్టిన రహస్యాన్ని మళ్లీ ఇస్తాం, హక్కు ఇమ్మంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

జగిత్యాలలో ఒక దుకాణం ముందు నీ బల్లను చూశాను. నీలం రంగు వేసి, ఏదో కంపెనీ పేరు అంటించారు. పళ్లు లెక్కపెట్టాను. సరిగ్గా నువ్వు పెట్టినన్నే ఉన్నాయి. నా వ్యాసం ఉన్నది కాబట్టి ఆ కంపెనీకీ పేటెంటు రాదని న్యాయవాది ఓదార్చాడు. ఎవరూ ఎవరినీ ఆపలేరట. అంటే, అది ఇప్పుడు అందరిదీ... నీది అని మాత్రం ఏ బల్ల మీదా రాసి ఉండదు. నువ్వైతే దీనికి నవ్వేవాడివేమో. నాకు నవ్వు రావడం లేదు.

సుగుణకు ఇవేవీ తెలియవు. నేను చూపించిన చోటల్లా సంతకం చేసింది. వచ్చే నెల నీ సంవత్సరికానికి పేటెంటు పత్రం కూడా వస్తే అద్దం కట్టించి నీ ఫోటో పక్కన పెడతానంటోంది. గోడకు మేకు కూడా కొట్టించిందని మీ అక్క చెప్పింది. నిన్న ఫోన్‌లో సుగుణ, ఎంతవరకు వచ్చిందని అడిగింది. ఏదో పొడిపొడిగా అన్నాను. ఈ వయసులో ఇంకెన్ని రోజులు అలా అనగలను?

మూడు రోజులు కూర్చొని ఆ ఉత్తర్వును తెలుగులోకి మార్చి రాశాను. ఒక్క మాటా మెత్తబరచలేదు. ఆధారపత్రం రచయిత అన్నచోట, ఇంటిపేరుతో సహా, నా పేరు పూర్తిగా రాశాను.

రేపు పొద్దున్నే మొదటి బస్సుకు ఖానాపూర్ వెళ్తాను. సుగుణను ఎదురుగా కూర్చోబెట్టుకొని నేనే చదివి వినిపిస్తాను. మధ్యలో లేచి వెళ్లిపోతుందేమో... ఇక మా గడప తొక్కొద్దంటుందేమో. అయినా చివరి వాక్యం దాకా చదువుతాను. ఇది నీకు నా మాట.

ఉంటాను,
మీ బావ