మూడింతలు చెయ్యను, ఒకటి కలపను

జూలై 4, బుధవారం

ఇవాళ్టి నుంచి మానేశాను. ఖాయం.

సిగరెట్టు కాదు, పేకాట కాదు. అవి నాకు అలవాటే లేవు. నేను మానేసింది ఒక లెక్కని.

అదేమిటో చివరిసారిగా రాసి పెడతాను. ఏదో ఒక అంకె అనుకో. సరిసంఖ్య అయితే సగం చెయ్యి. బేసిసంఖ్య అయితే మూడింతలు చేసి ఒకటి కలుపు. వచ్చినదానికి మళ్ళీ అదే చెయ్యి. ఏ అంకెతో మొదలెట్టినా, ఎంత పైకి ఎగిరినా, చివరికి ఒకటి దగ్గరికొచ్చి పడుతుంది. ఎందుకు పడుతుందో ఏ మేధావీ ఇంతవరకు నిరూపించలేదు. మందుల షాపు నడుపుకునే నేను నిరూపిస్తానని పెళ్ళికి ముందు నుంచీ కుస్తీ పడుతున్నాను. మా ఆవిడ దాన్ని ‘నా సవతి’ అంటుంది.

ఎందుకు మానేశానంటే, సోమవారం మధ్యాహ్నం ఇరవై ఏడుతో మొదలెట్టాను. ఎన్నోసారో గుర్తులేదు. చూడ్డానికి చిన్నదే గానీ మహా గడుసుది, తొమ్మిది వేలు దాటితే గానీ కిందికి దిగదు. అది దిగేసరికి మా పిచ్చుక (మా అమ్మాయి, తొమ్మిదేళ్ళు) బడి గేటు దగ్గర గంటకు పైగా ఒక్కత్తే నిలబడింది. నేను ఆయాసపడుతూ వెళ్తే "పర్లేదులే నాన్నా" అంది. ఏడ్చినా బాగుండేది.

ఇకనుంచి దాన్ని బడి నుంచి తెచ్చేది మా తమ్ముడట. ఆ నిర్ణయం పిచ్చుకదే. ఆ పని నాకు తిరిగి కావాలి. రోజు మొత్తంలో అది స్కూటర్ మీద నా వీపుకి ఆనుకుని కబుర్లు చెప్పేది ఆ కాసేపే.

జూలై 5, గురువారం

ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో మానేసేవాణ్ణి.

కాయితాలన్నీ అట్టపెట్టెలో పెట్టి మా ఆవిడకి అప్పగించాను. అటక మీదికి తోసేసింది. "సవతిని అటకెక్కించిన ఘనత నాదే" అని చేతులు దులుపుకుంది.

షాపులో స్టాకు చూడటం సాయంత్రానికల్లా అయిపోయింది. భోజనం దగ్గర అందరి మాటలూ వినపడ్డాయి. మా ఇంట్లో ఇంత మాట్లాడుకుంటారా?

జూలై 9, సోమవారం

చెయ్యి లాగుతోంది.

మందుల డబ్బాల మీద అన్నీ అంకెలే. కళ్ళు మూసుకుని మందులు ఇవ్వలేను కదా. ఒక డబ్బా మీద చివర్న తొమ్మిది కనపడింది. వెంటనే ఇరవై ఎనిమిది, పధ్నాలుగు, ఏడు. అక్కడ బలవంతంగా ఆపేశాను. పొయ్యి మీద పాలు పెట్టి ఊరెళ్ళినట్టుంది.

పక్క వీధి టైలరు జలుబు మాత్రలకి ఎంతండీ అని అడిగాడు. "ఇరవై రెండు" అన్నాను. అది మాత్రల ధర కాదు, ఏడు తర్వాత వచ్చే అంకె. ఆయన సంతోషంగా ఇచ్చేసి, అవే ఇంకో రెండు డబ్బాలు కూడా పట్టుకెళ్ళాడు.

నియమాన్ని కొంచెం సవరించాను: కొత్తవి మొదలెట్టకూడదు. వాటంతట అవే మొదలైనవి పూర్తి చెయ్యొచ్చు.

జూలై 12, గురువారం

పిచ్చుక ఒప్పుకుంది!

"రేపట్నుంచి నువ్వే రా నాన్నా. ఒక వారం చూస్తా" అంది. మా తమ్ముడు దాని చిన్న హెల్మెట్ నాకిస్తూ, "అన్నయ్యా, పిల్ల లోపలుందో లేదో చూసి మరీ బకిల్ పెట్టు" అన్నాడు. వాడిది టైర్ల షాపు. వాడి నోటికి గాలి ఎప్పుడూ ఎక్కువే.

జూలై 13, శుక్రవారం

వేళకి వెళ్ళాను. దారంతా పిచ్చుక నోరు మూయలేదు. టీచరుగారి చెప్పు తెగింది. పక్క సీటు పిల్లకి పన్ను ఊడితే దాన్ని అందరూ వరసగా పట్టుకుని చూశారు. ఇంకేం కావాలి నాకు!

జూలై 17, మంగళవారం

మా ఆవిడ నా చొక్కా ఉతకడానికి తీసి, జేబులోంచి చీటీ లాగింది.

"ఏమిటిది?"

"షాపు సరుకు."

"ఎనభై రెండు, నలభై ఒకటి, నూట ఇరవై నాలుగు, అరవై రెండు. ఏం సరుకండీ ఇది, ఉన్నట్టుండి పెరుగుతుంది, మర్నాటికి సగమవుతుంది? ఎలుకలు గానీ పడ్డాయా?"

దొరికిపోయాను. మా ఆవిడ ఫిజియోథెరపిస్టు, రోజూ జనాల మెడలు సరిచేస్తుంది. నా మెడ జోలికి రాలేదు గానీ మెల్లిగా అంది: "మీ ఇష్టం. కానీ అది ఇంకోసారి గేటు దగ్గర నిలబడిందంటే, ఇక మిమ్మల్ని రమ్మనదు. అలగదు కూడా. ఊరికే రమ్మనడం మానేస్తుంది."

నా భయమూ అదే.

జూలై 18, బుధవారం

పరిష్కారం దొరికింది. లెక్క నేను చెయ్యకూడదు, అంతే కదా? షాపు బిల్లింగ్ కంప్యూటర్లో నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసిపెట్టాను. ఒక్కో అంకెనూ తీసుకుని ఒకటి దాకా దింపడం దాని పని. ఊరికే తెర చూడటం నా పని. ఇంకొకడు సిగరెట్టు కాలిస్తే నాకేం పాపం?

సాయంత్రానికి బిల్లింగ్ ఆగిపోయింది. జనాలకి చేత్తో బిల్లులు రాసిచ్చాను. బడికి మాత్రం వేళకి వెళ్ళాను. అది రాసి తీరాలి.

జూలై 19, గురువారం

అరగంట ముందే వెళ్ళాను. చేసిన తప్పు అదే.

చెయ్యడానికి పనిలేదు. ఎదురుగా ఆగిన కారు నంబరు చివర 703. ఆ అంకె సంగతి నాకు బాగా తెలుసు, ఇరవై ఏడుకి పెద్దక్క. చూడకూడదనుకున్నాను. చూశాను.

గంట కొట్టారు. పుస్తకాల సంచీ స్కూటర్ మీద నా కాళ్ళ దగ్గర దబ్బున పడింది. పిచ్చుక వచ్చేసిందన్నమాట. స్కూటర్ స్టార్ట్ చేశాను. మలుపు తిరిగేసరికి లక్ష దాటింది. పెట్రోలు బంకు దగ్గరికి రెండు లక్షల యాభై వేలు. పిచ్చుక మాట్లాడటం లేదేమని అనుమానం కూడా రాలేదు. ఇవాళ ఎంత బుద్ధిగా కూర్చుందో అని మురిసిపోయాను.

మా ఆవిడ తలుపు తీసింది. సంచీ వంక చూసింది. నా వెనక్కి చూసింది.

"పిల్ల ఏదండీ?"

పిచ్చుక సంచీ పెట్టేసి, స్కూటర్‌కి తగిలించిన హెల్మెట్ తీసి పెట్టుకుని, బూటు లేసు కట్టుకుందామని వంగిందట. లేచేసరికి నేను లేను.

వెనక్కి వెళ్ళేసరికి వాచ్‌మన్ పక్కన నిలబడి ఉంది, హెల్మెట్ పెట్టుకుని, బకిల్ కూడా పెట్టుకుని. ఈసారి పర్లేదులే అనలేదు. ఎక్కి కూర్చుంది. నా వీపుకి ఆనలేదు, వెనకాల రాడ్డు పట్టుకుంది. దారంతా ఏడ్చాను. తనకి కనపడలేదు.

జూలై 20, శుక్రవారం

బాబాయ్ తీసుకొచ్చాడు.

జూలై 21, శనివారం

మధ్యాహ్నం పిచ్చుక షాపుకొచ్చింది. కౌంటరు వెనకాల స్టూలెక్కి కూర్చుని చాలాసేపు కాళ్ళూపింది. నేనే ముందు మాట్లాడాను. "తప్పయిపోయిందమ్మా" అన్నాను.

"నాన్నా, నీ లెక్కలో ఏ అంకైనా చివరికి ఒకటి దగ్గరికే వెళ్తుందా?"

"వెళ్తుంది."

"నువ్వు చూడకపోతే వెళ్ళదా?"

"ఎందుకు వెళ్ళదు, వెళ్తుంది."

"మరి దాని వెనకాల నువ్వెందుకు పోవడం? అది ఒక్కత్తే చేరుకుంటుందిగా. నన్నే ఒక్కదాన్ని రావద్దంది అమ్మ. నువ్వొస్తేనే నేను ఇంటికి రావడం."

చూడకపోయినా చేరుతుందన్నదే ఎవరూ నిరూపించలేదు తల్లీ, అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ లెక్క విషయంలో నేను నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి అనుకుంటాను.

"సోమవారం రానా?" అని అడిగాను.

అది ఆలోచించింది. నా మొహం చూసి ఇంకాస్త ఆలోచించింది. "రా. కానీ నేను ‘పద’ అంటేనే కదలాలి" అంది.

జూలై 23, సోమవారం

మళ్ళీ ఒకటో రోజు. సవరణలన్నీ రద్దు. కంప్యూటర్లో ప్రోగ్రాం తుడిచేశాను, మా ఆవిడ పక్కన నిలబడి చూసింది.

703ని మొన్న రెండున్నర లక్షల మీద వదిలేశాను. దిగిందో లేదో చూడలేదు.

బడి వదిలే వేళయింది. వెళ్తున్నా.