ఫిల్టర్ డబ్బాలో ఒండ్రు

బుధవారం రాత్రి. వాన తెరిపిచ్చింది.

పికప్‌కి స్నార్కెల్, అదే నీళ్లలో దిగినా ఇంజన్‌కి పైనుంచి గాలి అందించే పైపు, పెట్టించాలా వద్దా అని వారంగా తేల్చుకోలేక, ఇవాళ కోరుట్లలో మెకానిక్ జావీద్‌కి చూపించాను. పైపు ఎక్కడ కలపాలో చూద్దామని అతను ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే, లోపల ఎండిన ఒండ్రు, గడ్డి.

"వాగుల దించినవా అన్నా? ఇంజన్లకు నీళ్లు ఎంత వోయినయో ఇప్పితెనే తెలుస్తది."

నేను దించలేదు. పోయిన వారం కొండగట్టు పోయొస్తానని బండి అడిగి తీసుకెళ్లింది మా బామ్మర్ది శీను. శుభ్రంగా కడిగించి, బానెట్‌కి సిందూరం బొట్టు పెట్టి మరీ తెచ్చిచ్చాడు. ఎంత మురిసిపోయానో, సిగ్గు లేకుండా! వాళ్లక్కకు ఈ మాట ఎలా చెప్పను? తమ్ముడంటే ఆమెకు ప్రాణం.

ఆ రోజు తాళాలిస్తూ వాడే అన్నాడు: "స్నార్కెల్ పెట్టియ్యి బావా, వాగులల్ల పనికస్తది."

నా మంచికే చెప్పాడనుకున్నాను.