కొర్రమీను లేని కొలను

ప్రియమైన వదినకు,

మా లాడ్జి వెనక కొలనులో కొర్రమీనులు చేరి బాతుపిల్లల్ని మింగేస్తున్నాయి. నిన్న నా కళ్లముందే ఓ చేప ఒక పిల్లను గుటుక్కుమనిపించింది. తల్లిబాతు అరుపు వినలేకపోయాను. జాలరిని పిలిపించి అన్నింటినీ పట్టించేశాను. పీడ విరగడైంది!

నీ ముద్దుల ఆడపడుచు

బంగారంలాంటి ఆడబిడ్డకు,

నీ లేఖ చదివి మీ అన్నయ్య, "మా చెల్లి కోపం చేపలకూ తప్పలేదే!" అని నవ్వారు. నీళ్లు పరీక్షించే ఉద్యోగం కదా, నా నోరు ఊరుకోదు. ఆ కొలను మీద ఓ కన్నేసి ఉంచు.

ప్రేమతో, వదిన

వదినా,

నీ నోట్లో ఏముందో గానీ నీళ్లు పచ్చగా చిక్కబడిపోయాయి. కంపు భరించలేక గదులు ఖాళీ చేస్తున్నారు. బాతులూ వెళ్లిపోయాయి. "పూడ్చేసి కార్లు పెట్టుకుందాం," అంటున్నారు మా ఆయన. మట్టి లారీకి కబురు కూడా పంపారు. నాకేమో ఆ నీళ్లు చూడందే తెల్లారదు. ఏం చెయ్యను?

నీ ఆడపడుచు

పిచ్చిపిల్లా,

ముందు లారీని ఆపించు. కొర్రమీనులు పోయాక చిన్నచేపలకు అడ్డు లేకపోయింది. అవి పెరిగిపోయి, కంటికి ఆనీ ఆనని నీటిపురుగుల్ని తినేశాయి. నాచును మేసి నీళ్లను తేటగా ఉంచేది ఆ పురుగులే. నాచు కమ్మేసరికి అడుక్కి ఎండ దిగలేదు, బాతులు తినే మొక్కలు చచ్చాయి. దీన్ని మా పుస్తకాల్లో ఆవరణ వ్యవస్థ అంటారు. మనింటి భాషలో ఉమ్మడి కాపురం. ఒకరిని గెంటేస్తే అందరి పొయ్యీ ఆరిపోతుంది. జాలరిని అడిగి ఓ కొర్రమీను జంటను తెచ్చి వదులు. వంటింటి మురుగునీళ్లు మాత్రం అటు పోనివ్వకు, నాచుకు అవే బలం. ఓపిక పట్టు.

నీ వదిన

ప్రియమైన వదినకు,

ఓపిక పట్టమన్నావు గానీ, మా ఆయన్ని పట్టడానికే సగం ఓపిక అయిపోయింది! నెలలు పట్టినా నీళ్లు తేటపడ్డాయి. మొక్కలు మొలిచాయి, బాతులూ తిరిగొచ్చాయి.

ఇవాళ పొద్దున నీటి మీద ఎర్రటి మబ్బు లాంటిది కదిలింది. వంగి చూస్తే చేపపిల్లల గుంపు! వాటి కిందే తల్లి కొర్రమీను, రెప్పలేని కళ్లతో కాపలా కాస్తోంది. ఇంతలో లకుముకిపిట్ట సర్రున దిగి ఒక పిల్లను ఎత్తుకుపోయింది. రాయి తీసుకున్నాను. పిట్ట గట్టులోని తన గూటి బొరియ దగ్గర వాలగానే లోపల్నుంచి పిల్లల కిచకిచలు వినిపించాయి.

రాయి కింద పడేసి, చేతులు కడుక్కుని, అతిథుల టిఫిన్ల పని చూసుకున్నాను.

నీ ఆడపడుచు